గ్రానైట్ యూనిట్‌లో భద్రత ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కరీంనగర్ దగ్గర మాకు గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్ ఉంది. రెండు బ్లాక్ కట్టర్లు, ఒక లైన్ పాలిషర్, ఒక ఎడ్జ్ కటింగ్ మెషిన్, గ్యాంట్రీ క్రేన్ ఉన్నాయి. మా జీతం మీద 14 మంది, మేస్త్రీ ద్వారా వచ్చిన బీహార్, ఒడిశా వాళ్లు మరో 20 మంది పనిచేస్తున్నారు. పోయిన నెల మా దగ్గర్లోని యూనిట్‌లో స్లాబు మీద పడి ఒక హమాలీ చనిపోయాడు. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఒక కన్సల్టెంట్ సేఫ్టీ ప్రోగ్రాం ఫైలు తయారుచేసి ఇస్తానంటున్నాడు. అది సరిపోతుందా? మాస్కులు కొనిచ్చినా ఎవరూ పెట్టుకోవడం లేదు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆ ఫైలు ఇప్పుడే కొనకండి. మీ యార్డు చూడకుండా రాసిన ఫైలులో మీ స్టాండ్లు ఉండవు, మీ క్రేన్ ఉండదు, మీ మనుషులు ఉండరు. తనిఖీకి వచ్చినవారికి చూపించడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. సేఫ్టీ ప్రోగ్రాం అంటే మూడు సంగతులు తేలిపోవడం: ఏ ప్రమాదాన్ని ఎలా ఆపుతున్నాం, దాన్ని ఏ రోజు ఎవరు చూస్తారు, తేడా కనబడితే పని ఆపే అధికారం ఎవరిది. ఈ మూడూ తేలాక రాయాల్సిన కాగితం పది పేజీలు దాటదు, అది మీరే రాసుకోగలరు.

మొదటి రెండు రోజులు ఏమీ కొనకుండా, బ్లాకు లారీ దిగిన దగ్గర నుంచి స్లాబు కంటైనర్ ఎక్కేదాకా దాని వెంబడే నడవండి. మీతో పాటు ఒక పాత ఆపరేటర్, మేస్త్రీ, హిందీ బాగా వచ్చిన ఒక కార్మికుడు ఉండాలి. ప్రతి మజిలీలో ఒకే ప్రశ్న వేయండి: "ఇక్కడ దెబ్బ తగలబోయి తప్పిపోయింది ఎప్పుడు?" దెబ్బలు తగిలినవి ఎలాగూ మీకు తెలుస్తాయి. తప్పిపోయినవి మాత్రం కార్మికుడు ఎవరితోనూ అనడు, అంటే తప్పు తన మీద పడుతుందన్న భయం. ఎవరి మీదా చర్య ఉండదని మొదటే చెప్పి, ఆ మాట మీద నిలబడండి. ఈ నడకలో వచ్చిన జాబితాయే మీ ప్రోగ్రాంకు పునాది.

జాబితాలో ఏది పైన ఉన్నా, మీలాంటి యూనిట్‌లో మొదట పట్టుకోవాల్సింది నిలబెట్టిన స్లాబులనే. లెక్క చూడండి. గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు. అంటే 2 సెంటీమీటర్ల మందం ఉన్న స్లాబు చదరపు మీటరుకు 54 కిలోలు తూగుతుంది. 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల ఎత్తు ఉన్న ఒక్క స్లాబు దాదాపు 290 కిలోలు. మూడు స్లాబులు కలిసి వాలితే దాదాపు 870 కిలోలు. ఇద్దరు మనుషులు భుజం ఆనించి ఆపగలిగే బరువు కాదది. అయినా పడుతున్న స్లాబును చూడగానే చెయ్యి అడ్డం పెట్టడం మనిషి స్వభావం, ప్రాణాలు పోయేది అక్కడే. అందుకే మొదటి రోజు శిక్షణలో మొదటి మాట: పడే రాయిని పట్టుకోవద్దు, పక్కకు తప్పుకోండి. రాయి పోతే పోనివ్వండి. ఈ మాట యజమాని నోటితో వినకపోతే కార్మికుడు నమ్మడు, పగిలిన స్లాబు డబ్బు తన కూలీలో కోస్తారనుకుంటాడు. కోయబోమని మీరే చెప్పాలి.

స్లాబులు ఎందుకు పడతాయో కారణాలు దాదాపు అన్ని యూనిట్లలోనూ ఒకటే. కొనడానికి వచ్చినవారికి వెనక ఉన్న రంగు చూపించడానికి ముందు స్లాబులను చేత్తో ముందుకు లాగుతారు. నిటారుకు వచ్చాక రాయి ఏ వైపు వాలుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. రెండో కారణం, ఏ-ఫ్రేం స్టాండుకు (రెండు వైపులా స్లాబులు వాల్చే, A అక్షరం ఆకారపు స్టాండు) ఒక వైపు మొత్తం ఖాళీ చేసి రెండో వైపు నిండుగా ఉంచడం. అప్పుడు స్టాండే తిరగబడుతుంది. మూడోది, తడిగా, స్లరీ (నీళ్లు, రాతి పొడి కలిసిన బురద) అంటుకుని ఉన్న పాలిష్ ముఖం మీద, క్రేన్‌కు వేలాడుతూ స్లాబును పట్టే క్లాంపు పట్టు జారడం. నాలుగోది కంటైనర్‌లో: చివరి స్లాబు బిగించేదాకా లోపల మనిషి రాయికీ ఇనుప గోడకూ మధ్య నిలబడతాడు, తప్పుకోవడానికి దారి ఉండదు.

వీటికి మాస్కుల్లాగా మనిషికి తొడిగే పరిష్కారం లేదు. హెల్మెట్ 290 కిలోలను ఆపదు. స్టాండ్లను కాంక్రీటుకు బోల్టులతో బిగించండి. నేల చదునుగా లేని చోట స్టాండు పెట్టొద్దు. స్లాబులు గుంపుగా ఒకదాని మీద ఒకటి వాలే బదులు మధ్యలో ఇనుప నిలువు కమ్మీలు వచ్చే స్టాండ్లకు మారండి. అన్నీ ఒకేసారి మార్చలేకపోతే కొనుగోలుదారులు తిరిగే వరస ముందు మార్చండి. దించేటప్పుడూ ఎక్కించేటప్పుడూ ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు మార్చి మార్చి తీయాలి, పెట్టాలి. రాయి కదులుతున్నప్పుడు మనుషులు దాని అంచుల వైపు ఉండాలి, ముఖానికి ఎదురుగా ఎవరూ ఉండకూడదు. స్లాబు ఎత్తు ఎంతో అంతకన్నా కాస్త ఎక్కువ దూరంలో నేల మీద పసుపు గీత గీయించండి. క్లాంపు పట్టి ఉండగా ఆ గీత దాటిన మనిషి కనబడితే క్రేన్ ఆపరేటర్ బటన్ వదిలేయాలి. వెనక రంగు చూపించాలంటే క్రేన్‌తోనే తీసి చూపించాలి, చేత్తో వద్దు. కొనుగోలుదారు తొందర పెడతాడు. గేటు దగ్గరే ఈ నియమం రాసి పెడితే మీ మనుషులకు మాట సాయం ఉంటుంది.

క్లాంపు మీద ఎంత బరువు, ఎంత మందం దాకా పట్టవచ్చో చెక్కి ఉంటుంది. అది చెరిగిపోయిన క్లాంపును వాడొద్దు. లోపలి రబ్బరు అరిగితే పట్టు సగం పోయినట్టే. ప్రతి షిఫ్టు మొదట్లో రబ్బరు చూడటం, స్లాబు పట్టే చోట నీళ్లతో కడిగి తుడవడం, రెండూ కలిపి రెండు నిమిషాల పని.

బ్లాకుల సంగతి వేరు. 2.8 × 1.6 × 1.5 మీటర్ల బ్లాకు సుమారు 18 టన్నులు. దాన్ని రెండు కాళ్ల స్లింగుతో, అంటే ఒకే హుక్కు నుంచి దిగే రెండు తాళ్లతో, ఎత్తేటప్పుడు తాడు అడ్డంగా సాగే కొద్దీ భారం పెరుగుతుంది. నేలతో 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలు మీద సుమారు 10.4 టన్నులు, 45 డిగ్రీలకు 12.7 టన్నులు, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కో కాలు మీదే 18 టన్నులు. తాడు పొట్టిగా ఉందని కోణం తగ్గిస్తే నిబ్బరంగా ఉన్న తాడు కూడా తెగుతుంది. రాతి మూల దగ్గర తాడు కింద చెక్క ముక్కో మందపాటి రబ్బరో పెట్టకపోతే ఆ అంచే కత్తి. క్రేన్‌నూ గొలుసులనూ తాళ్లనూ 12 నెలలకోసారి ఫ్యాక్టరీల శాఖ గుర్తించిన సమర్థ వ్యక్తితో పరీక్ష చేయించి సర్టిఫికెట్ ఉంచుకోవడం 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమం. కానీ సంవత్సరానికో పరీక్ష చేశాక మిగతా 364 రోజులు ఎవరు చూస్తారు? హుక్కు గొళ్లెం, హుక్కు మరీ పైకి పోకుండా ఆపే లిమిట్ స్విచ్, తాడులో తెగిన తీగలు, ఈ మూడూ రోజూ ఉదయం ఆపరేటర్ చూసి సంతకం పెట్టాలి. లిమిట్ స్విచ్ పనిచేయకపోతే ఆ రోజు క్రేన్ ఆగాలి.

ఇక దుమ్ము. స్లాబు పడితే ఊరంతా తెలుస్తుంది. దుమ్ము పని చాలా నెమ్మది. కార్మికుడు మీ దగ్గర మానేసి ఊరికి వెళ్లిపోయాక ఎప్పుడో అతనికి ఆయాసం మొదలవుతుంది, మీ దాకా ఆ మాట రాదు. రాతిలోని క్వార్ట్జ్ (సిలికా ఖనిజం) సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టడమే సిలికోసిస్. ఎక్కువగా పదేళ్ల తర్వాత బయటపడుతుంది, దుమ్ము విపరీతంగా ఉంటే అయిదేళ్లకే రావచ్చు. పూర్తిగా నయం చేసే మందు లేదు. ఆ ఊపిరితిత్తులకు టీబీ కూడా సులువుగా సోకుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయిలో క్వార్ట్జ్ చాలా తక్కువ, మీ దగ్గర దొరికే టాన్ బ్రౌన్ లాంటి రాళ్లలో బాగా ఉంటుంది. కాబట్టి వేరే ఊరి యూనిట్‌లో "మాకేం కాలేదు" అని ఎవరైనా అంటే ఆ మాట మీ రాయికి వర్తించదు. మీరు వంటింటి కౌంటర్ల కోసం కృత్రిమ క్వార్ట్జ్ స్లాబులు కూడా కోస్తుంటే ఇంకా జాగ్రత్త అవసరం. వాటిలో చాలా రకాల్లో సిలికా 90 శాతం దాకా, అంతకుమించి కూడా ఉంటుంది. దాన్ని కోసిన కార్మికుల్లో సిలికోసిస్ కేసులు పెరగడంతో ఆస్ట్రేలియా ఆ రాయిని 2024 జూలై 1 నుంచి నిషేధించింది.

బ్లాక్ కట్టర్, లైన్ పాలిషర్ నీళ్లతోనే నడుస్తాయి కాబట్టి మా దగ్గర దుమ్ము లేదని చాలామంది యజమానులు నిజంగానే నమ్ముతారు. దుమ్ము వచ్చేది ఆ పెద్ద యంత్రాల దగ్గర కాదు. అంచు సరిచేయడానికి, సింక్ రంధ్రం కోయడానికి, చిన్న మరమ్మతుకు చేతి గ్రైండర్‌ను పొడిగా వాడే మూలన వస్తుంది. స్లరీ ఎండిపోయాక లోడింగ్ వాహనాలు దాని మీద తిరిగినప్పుడు వస్తుంది. సాయంత్రం కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకునేటప్పుడు వస్తుంది. ఈ చివరి అలవాటును రేపే ఆపించండి, ఒక్క రూపాయి ఖర్చు లేదు. గాలి గన్‌తో దులిపిన పొడి నేరుగా ముక్కు దగ్గరికే లేస్తుంది.

మీ కళ్లతో చూడాలంటే ఒక పరీక్ష ఉంది. చీకటి పడ్డాక గ్రైండర్ పని జరుగుతుండగా మనిషి వెనక నుంచి బలమైన టార్చి వేయించండి. మీరు ఎదురుగా నిలబడి, వెలుగు నేరుగా కళ్లలో పడకుండా చేయి అడ్డం పెట్టుకుని అతని ముఖం చుట్టూ చూడండి. పగటి పూట ఏమీ లేదనుకున్న చోట పొగలాగా కదిలేదంతా అతను పీలుస్తున్న పొడే. అంకె కావాలంటే ప్రయోగశాలను పిలిచి, కార్మికుడి నడుముకు చిన్న పంపు, కాలర్ దగ్గర ఫిల్టర్ కట్టించి షిఫ్టంతా గాలి తీయించాలి. మన పాత 1948 ఫ్యాక్టరీల చట్టం షెడ్యూలు ప్రకారం ఊపిరితిత్తుల్లోకి చేరేంత సన్నటి దుమ్ముకు పరిమితి, 10ని, ఆ దుమ్ములోని క్వార్ట్జ్ శాతానికి 2 కలిపితే వచ్చే సంఖ్యతో భాగిస్తే వచ్చినన్ని మిల్లీగ్రాములు, ఒక ఘనపు మీటరు గాలికి. క్వార్ట్జ్ 30 శాతమైతే 0.31 మిల్లీగ్రాము దుమ్ము అన్నమాట, అందులో క్వార్ట్జ్ భాగం సుమారు 0.09. అమెరికాలో 2016 నియమం ప్రకారం క్వార్ట్జ్ పరిమితి 0.05 మాత్రమే. మన పరిమితిలో పాసయ్యామని ఆగిపోకుండా ఆ 0.05ను గురిగా పెట్టుకోమని మా సలహా.

పొడిగా కోయడం యూనిట్‌లో ఎక్కడా ఉండకూడదు, ఇదే అసలు నియమం. నీటి గొట్టంతో వచ్చే చేతి పరికరాలు కొనండి. కరెంటు గ్రైండర్ మీద మగ్గుతో నీళ్లు పోయించడం మాత్రం ఇంకో చావును పిలవడమే. తడి చోట గాలితో నడిచే పాలిషర్లు మేలు. నీళ్లు బ్లేడు మీదికి నిమిషానికి కనీసం అర లీటరు రావాలి. లీటరు సీసా పట్టండి, రెండు నిమిషాల్లో నిండకపోతే గొట్టమో నాజిలో పూడుకుపోయింది. యూనిట్లలో తిరగేసి వాడే నీళ్లలో స్లరీ ఉంటుంది కాబట్టి నాజిళ్లు తరచూ పూడుకుంటాయి. పైగా ఆ నీటి తుంపరలో కూడా సిలికా ఉంటుంది. స్లరీ అడుక్కు చేరే సెట్లింగ్ ట్యాంకును శుభ్రంగా ఉంచడం భద్రత పనే. ఆ ట్యాంకు చుట్టూ కంచె కూడా ఉండాలి. నేల మీది స్లరీని ఎండకముందే, షిఫ్టు చివర నీళ్లతో కడిగించండి. పొడి చీపురు యూనిట్‌లో కనబడకూడదు. టీ తాగే చోటు కటింగ్ షెడ్డుకు దూరంగా, చేతులు కడుక్కునే కుళాయి పక్కన ఉండాలి. పని బట్టలు ఇంటికి, గదికి వెళ్లకుండా మార్చుకునే చోటు ఇవ్వండి. పిల్లలు ఉండే గదుల్లోకి ఆ పొడి వెళ్లకూడదు.

మాస్కులు ఎవరూ పెట్టుకోవడం లేదన్నారు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద మీరే ఒక గంట పెట్టుకుని పని చేసి చూడండి, కారణం తెలుస్తుంది. అందుకే మాస్కును చివర్లో పెట్టాం. నీళ్లు సరిగ్గా ఉంటే మాస్కు కావలసిన పనులు తగ్గుతాయి, తగ్గిన ఆ కొద్ది గంటలు మనుషులు పెట్టుకుంటారు. మెడలో తువ్వాలు, సర్జికల్ మాస్కు ఈ పొడిని ఆపవు. ఐఎస్ 9473 గుర్తు ఉన్న, సన్నటి పొడిని వడపోసే ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం మాస్కు కనీసం ఉండాలి. తడిసిపోయే చోట ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు హాఫ్ మాస్కు మంచిది. గడ్డం ఉంటే ఏ మాస్కూ ముఖానికి అతుక్కోదు. మత కారణంగా గడ్డం తీయనివారికి దుమ్ము లేని పని ఇవ్వండి, లేదా తలంతా కప్పి గాలి పంపే వదులు హుడ్ కొనండి. ఎండాకాలం బరువు పనులు తెల్లవారుజామునకు జరపండి, చల్లటి నీళ్లు, ఓఆర్‌ఎస్ షెడ్డులోనే ఉంచండి. చెవుల సంగతీ మరవొద్దు: మన నిబంధన ప్రకారం 90 డెసిబెల్స్‌లో 8 గంటలు, 95లో 4 గంటలు, 100లో 2 గంటలే ఉండవచ్చు. బ్లేడు రాయిని కోస్తున్నప్పుడు మీటరు దూరంలో మాట్లాడాలంటే అరవాల్సి వస్తే ఇయర్‌ప్లగ్గులు అవసరం.

కరెంటు విషయంలో మూడు పనులు చాలు, కానీ మూడూ కచ్చితంగా జరగాలి. చేతి పరికరాల ప్లగ్గులన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడటం. టేపు చుట్టిన అతుకు ఉన్న కేబుల్ నీళ్లలో పడి ఉండకూడదు, కేబుళ్లు పైన వేలాడాలి. బ్లేడు మార్చేటప్పుడు మెయిన్ స్విచ్‌కు తాళం, తాళంచెవి బ్లేడు మార్చే మనిషి జేబులో. ఫ్యూజు పీకి జేబులో వేసుకునే పాత అలవాటు మంచిదే, కానీ ఇంకొకడు వేరే ఫ్యూజు పెట్టగలడు. తాళాన్ని వేరే ఎవరూ తీయలేరు. పెద్ద బిళ్ళ పట్టడం కోసం గార్డు తీసేసిన గ్రైండర్ కనబడితే ఆ క్షణమే పక్కన పెట్టించండి. చిన్న గ్రైండర్ వేగం ఎక్కువ, పెద్ద బిళ్ళ ఆ వేగానికి తయారైనది కాదు, ముక్కలై ముఖం మీదికి వస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. మేస్త్రీ మనుషులు మా లెక్కలోకి రారనుకోవద్దు, మీ దగ్గర 34 మంది ఉన్నట్టే. పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో ఆ సంఖ్య 20. ఏ లెక్కన చూసినా మీది ఫ్యాక్టరీయే. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నది కొత్త కోడ్‌లో ఉంది. నియమాలు మారుతున్న సమయం కాబట్టి ఏ రిజిస్టర్, ఏ ఫారం అన్నది మీ ప్రాంత ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలోనే అడిగి రాసుకోండి. సేఫ్టీ ఆఫీసర్, సేఫ్టీ కమిటీ తప్పనిసరి అన్నది వందల మంది ఉన్న ఫ్యాక్టరీలకే. అయినా మీరు, ఆపరేటర్, మేస్త్రీ, ఒక బీహార్ కార్మికుడు, ఒక ఒడిశా కార్మికుడు నెలకోసారి అరగంట కూర్చోండి. గత నెల తప్పిపోయిన ప్రమాదాలు, వాటికి ఏం చేశాం, ఇంకా చేయనిది ఎందుకు చేయలేదు, ఈ మూడే మాట్లాడండి. శిక్షణ, గోడ మీద రాతలు హిందీ, ఒడియాలో ఉండాలి. చదవలేనివారికి యంత్రం దగ్గరే చేసి చూపించి, తిరిగి వాళ్లతో చేయించి చూడాలి.

ఈఎస్‌ఐ గురించి మాత్రం తొందరపడండి. 21,000 రూపాయల లోపు వేతనం ఉన్న అందరినీ, మేస్త్రీ మనుషులతో సహా, నమోదు చేయించండి. సిలికోసిస్ పాత ఈఎస్‌ఐ చట్టంలోనూ, 1923 ఉద్యోగుల పరిహార చట్టంలోనూ వృత్తి వ్యాధుల జాబితాలో ఉండేది, వాటి స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. నమోదు చేయించకపోతే పరిహారం భారం మీ మీదికి రావచ్చు, మనిషికి వైద్యమూ దొరకదు.

వైద్య పరీక్షలు పనిలో చేరేముందు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి చేయించండి: పెద్ద సైజు ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ, వినికిడి పరీక్ష. చీటీ మీద "రాతి దుమ్ములో ఇన్నేళ్లు పని" అని రాయించండి. ఆ ఒక్క ముక్క లేకపోతే ఎక్స్‌రేలో మచ్చలు చూసి సిలికోసిస్‌ను టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడించడం జరుగుతుంది. నిజంగా టీబీ కూడా ఉండవచ్చు కాబట్టి కఫం పరీక్ష తప్పదు. మచ్చలు కనబడిన మనిషిని తీసేస్తే మిగతా 33 మందిలో ఒక్కరూ మళ్లీ ఎక్స్‌రేకు రారు, దగ్గును దాచుకుంటారు. అతన్ని అదే కూలీ మీద దుమ్ము లేని పనికి, ప్యాకింగ్‌కో లెక్కలకో మార్చండి. ఒకరికి మచ్చలు వచ్చాయంటే అతను పనిచేసిన చోట నీళ్లు సరిగ్గా లేవని అర్థం. ఆ వారమే ఆ చోటుకు వెళ్లి టార్చి పరీక్ష మళ్లీ చేయండి.

మీ దగ్గరి వలస కార్మికుల్లో చాలామంది రెండు మూడేళ్లకు వేరే చోటికి వెళ్లిపోతారు. వెళ్లేరోజు వారి ఎక్స్‌రే ఫిల్ములు, స్పైరోమెట్రీ కాగితాలు, మీ యూనిట్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ యంత్రం మీద పనిచేశారో రాసిన చీటీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి చేతికివ్వండి. పదేళ్ల తర్వాత దర్భంగాలోనో గంజాంలోనో ఆ మనిషి దగ్గుతూ డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు, ఆ కవరు ఒక్కటే అతని జబ్బు పేరు చెప్పగలుగుతుంది.